పెట్టె మూశాక మారిన నియమం

భారతదేశంలో ఓటింగ్ యంత్రాలను తయారుచేసే ప్రభుత్వ రంగ సంస్థలు రెండే ఉన్నాయి. వాటిలో ఒకటైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అందరి నోటా ఈసీఐఎల్‌గా స్థిరపడిన సంస్థ, 1967లో హైదరాబాద్ తూర్పు శివారున కాప్రా ప్రాంతంలో ఏర్పడింది. దాని వ్యవస్థాపకుడు డాక్టర్ ఎ.ఎస్. రావు పేరు పక్కనున్న కాలనీకీ, ఆ కాలనీ పేరు నగరపాలక సంస్థలోని ఒక డివిజన్‌కూ వచ్చాయి. ఎన్నికల యంత్రానికి తొలి నమూనాను 1979లో రూపొందించింది కూడా ఈ సంస్థే. అయినా 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికల్లో కుషాయిగూడ, చర్లపల్లి, నాచారం, ఉప్పల్ ఓటర్లు కాగితం బ్యాలెట్ మీద రబ్బరు ముద్ర వేసి, మడతపెట్టి, పెట్టెలో వేశారు. కోవిడ్ కాలంలో యంత్రాల కంటే బ్యాలెట్ మేలని రాజకీయ పక్షాల్లో ఎక్కువ భాగం అభిప్రాయపడడంతో రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ నిర్ణయం తీసుకుంది. మొత్తం 150 డివిజన్లలో 149 ఫలితాలు డిసెంబరు 4న తేలగా, కాప్రాను ఆనుకొని ఉన్న నేరేడ్‌మెట్ డివిజన్ ఒక్కటీ డిసెంబరు 9 దాకా ఆగిపోయింది. ఓట్లు పడిన తరువాత, వాటిని లెక్కపెట్టే ముందు రాత్రి, ఏది చెల్లే ఓటు అన్న నియమం మారడమే దానికి మూలం.

ఆ వివాదం అర్థం కావాలంటే కాగితం బ్యాలెట్ మీద పడే ముద్రలు రెండని ముందుగా గుర్తించాలి. మొదటిది స్వస్తిక్ ముద్ర. బాణపు మొనల్లాంటి కొసలతో ఒకే దిశలో తిరిగినట్టు కనిపించే ఈ గుర్తును ఓటరు తనకు నచ్చిన అభ్యర్థి గుర్తు పక్కన వేస్తాడు. దాని ఆకారం వెనుక ఒక చక్కని ఆలోచన ఉంది. కాగితాన్ని మడిచినప్పుడు తడి సిరా రెండో వైపు అంటుకుంటే అక్కడ పడే మరక అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది కాబట్టి, అసలు ముద్ర ఏదో, అంటుకున్నది ఏదో లెక్కించే అధికారి ఒక్క చూపుతో చెప్పగలడు. రెండోది పోలింగ్ కేంద్రపు గుర్తింపు ముద్ర. దీన్ని పోలింగ్ సిబ్బంది బ్యాలెట్ వెనుక వైపు వేస్తారు, దాని దగ్గరే ప్రిసైడింగ్ అధికారి సంతకం చేస్తారు. ఆ కాగితం ఫలానా కేంద్రంలో అధికారికంగా ఇచ్చిందేనని చెప్పడమే ఈ రెండో ముద్ర పని. ఒకటి ఓటరు చేతిది, మరొకటి సిబ్బంది చేతిది. రెండూ చిన్న రబ్బరు ముద్రలే, రెండూ ఒకే బల్ల మీద ఒకే సిరా పెట్టె పక్కన ఉంటాయి.

ఆ ఎన్నికల్లో కొన్ని కేంద్రాల్లో ఈ రెండూ తారుమారయ్యాయి. స్వస్తిక్ ముద్రకు బదులు సిబ్బంది తమ కేంద్రపు గుర్తింపు ముద్రను ఓటర్ల చేతికిచ్చారు, ఓటర్లు ఇచ్చినదాన్నే వేశారు. పోలింగ్ ముగిశాక ఈ సంగతి తెలిసి, డిసెంబరు 3 రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘం ఒక సర్క్యులర్ జారీ చేసింది. సర్క్యులర్ అంటే పై అధికారి కింది అధికారులందరికీ ఒకేసారి పంపే ఆదేశపత్రం. ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే స్వస్తిక్ కాక వేరే ముద్ర ఉన్న బ్యాలెట్‌ను కూడా చెల్లే ఓటుగా తీసుకోవాలన్నది దాని సారాంశం. తెల్లవారితే లెక్కింపు. భారతీయ జనతా పార్టీ తరఫువారు హైకోర్టుకు వెళ్లారు, డిసెంబరు 4 ఉదయం కోర్టు ఆ సర్క్యులర్ అమలును నిలిపివేసింది. తక్కిన చోట్ల గెలుపు తేడా ఇలాంటి ఓట్ల కంటే ఎక్కువగా ఉండడంతో చిక్కు రాలేదు. నేరేడ్‌మెట్‌లో మాత్రం అప్పటి తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి 504 ఓట్ల ఆధిక్యంలో ఉండగా, వేరే ముద్ర పడిన బ్యాలెట్లు 544 తేలాయి. ఫలితం ఆ 544 కాగితాల మీద ఆధారపడిందని రాష్ట్రమంతటికీ తెలిసిపోయింది. డిసెంబరు 7న హైకోర్టు తీర్పుతో దారి తెరుచుకొని, 9న సైనిక్‌పురిలోని భవన్స్ వివేకానంద కళాశాలలో వాటిని లెక్కించినప్పుడు అదే అభ్యర్థి ఆధిక్యం 782కు పెరిగింది. చివరి ఫలితం మారలేదు కదా అని చాలామంది ఆ అధ్యాయాన్ని అక్కడితో మూసేశారు. అలా మూసేయడం సరికాదు, ఎందుకంటే ఆ రాత్రి లేచిన ప్రశ్న ఫలితంతో తీరేది కాదు.

ఆట ముగిశాక ఆట నియమాలు మార్చకూడదన్న సూత్రానికి భారత న్యాయశాస్త్రంలో స్పష్టమైన రూపమిచ్చిన ముఖ్యమైన కేసుల్లో ఒకటి తెలుగు నేలదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జీల నియామకానికి 2004లో ప్రకటన వెలువడి, రాతపరీక్ష, ఇంటర్వ్యూ రెండూ ముగిసి, ప్రతిభా జాబితా కూడా సిద్ధమైన తరువాత, ఇంటర్వ్యూలోనూ కనీస మార్కులు రావాలన్న కొత్త షరతు పెట్టారు. దాంతో జాబితా మారి, కొందరు పైకి, కొందరు కిందికి వెళ్లారు. కె. మంజుశ్రీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనే పేరుతో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు, ఎంపిక ముగిశాక ఇలాంటి షరతు చేర్చడం చెల్లదని తేల్చింది. కనీస మార్కులు పెట్టడం తప్పని కోర్టు అనలేదు, అది ముందే పెట్టి ఉంటే అభ్యంతరం ఉండేది కాదు. సమయమే తప్పు. ఈ సూత్రం సరైనదా కాదా అని మళ్లీ పరిశీలించిన ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 7న, రాజస్థాన్ హైకోర్టు నియామకాల కేసులో, దాన్ని నిలబెట్టింది. నియామకాలు మొదలయ్యాక, నిబంధనలే అందుకు అనుమతిస్తే తప్ప, అర్హత ప్రమాణాలను మధ్యలో మార్చరాదన్నది దాని నిర్ణయం.

ఉద్యోగ నియామకంలో ఇంత కచ్చితంగా పాటించే సూత్రాన్ని ఎన్నికకు వర్తింపజేస్తే, డిసెంబరు 3 నాటి సర్క్యులర్ అన్యాయమని వెంటనే తేల్చాలనిపిస్తుంది. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. ఉద్యోగార్థి నియమాన్ని నమ్ముకొని సిద్ధపడతాడు, నియమం మారితే ఆ నమ్మకం వమ్మవుతుంది. నేరేడ్‌మెట్ ఓటరు నమ్మినది నియమ పుస్తకాన్ని కాదు. అతడు లేదా ఆమె నమ్మినది ప్రభుత్వం నియమించిన అధికారి చేతిని. వరసలో నిలబడి, వేలికి సిరా పూయించుకొని, అధికారి ఇచ్చిన ముద్రను అధికారి చూపిన గడిలోకి తీసుకెళ్లి, కోరుకున్న గుర్తు పక్కనే వేసిన పౌరుడికి, ఆ ముద్ర తప్పుది కాబట్టి నీ ఓటు చెల్లదని చెప్పడం ఏ న్యాయం? ఎన్నికల నియమాల్లోనే దీనికి కొంత సమాధానం ఉంది. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలకు వర్తించే 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56వ నియమం, ఓటు కోసం ఇచ్చిన సాధనంతో కాక వేరే దానితో గుర్తు వేసిన బ్యాలెట్‌ను తిరస్కరించాలంటుంది. అదే నియమం, బ్యాలెట్ వెనుక ఉండాల్సిన కేంద్రపు ముద్ర, అధికారి సంతకం సిబ్బంది పొరపాటు వల్ల లోపిస్తే, ఆ ఒక్క కారణంతో తిరస్కరించరాదని కూడా అంటుంది. అంటే కాగితం వెనుక వైపు సిబ్బంది చేసిన తప్పుకు ఓటరును శిక్షించకూడదని చట్టం ముందే తలచింది. ముందు వైపు కూడా సిబ్బందే తప్పు చేయించవచ్చన్న ఊహ మాత్రం దానికి తట్టలేదు. పైగా, అధికారి స్వయంగా చేతికిచ్చిన ముద్ర ఓటు కోసం ఇచ్చిన సాధనం ఎందుకు కాదన్న వాదనలోనూ బలం ఉంది.

నియమం వెనుక ఉద్దేశాన్ని చూసినా ఇదే తేలుతుంది. స్వస్తిక్ తప్ప మరో గుర్తును ఒప్పుకోకపోవడానికి పెద్ద కారణం ఓటు రహస్యం. డబ్బు తీసుకున్న ఓటరు, తాను చెప్పినట్టే వేశానని నిరూపించుకోవడానికి పెన్నుతో ఒక గీతో, పేరులోని ఒక అక్షరమో, వేలిముద్రో వేసి రావచ్చు. లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్న ఏజెంటు దాన్ని గుర్తుపట్టవచ్చు. కేంద్రపు గుర్తింపు ముద్ర ఆ పని చేయలేదు. ఒక కేంద్రంలో వందలమంది చేతికి అదే ముద్ర ఇస్తే, అది కేంద్రాన్ని చెబుతుంది గానీ మనిషిని చెప్పదు. కాబట్టి ఆ 544 ఓట్లలో రహస్యం చెడలేదు, ఉద్దేశం దాగలేదు, ఓటరు తప్పు లేదు. వాటిని లెక్కించడమే న్యాయమన్న మాట ఏ సంకోచమూ లేకుండా అనవచ్చు.

అయితే న్యాయమైన నిర్ణయం న్యాయమైన వేళలో, న్యాయమైన పద్ధతిలో రావాలి. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971 నాటి తన గ్రంథంలో, సమాజపు నియమాలు రాసేవారు ఆ సమాజంలో తమ స్థానం ఏమిటో తెలియని స్థితిలో ఉన్నట్టు ఊహించుకొని రాయాలని ప్రతిపాదించాడు. తనకేది లాభమో తెలియనివాడు అందరికీ సరిపడే నియమమే రాస్తాడన్నది అందులోని తర్కం. ఎన్నికకు ఈ ఆలోచన సహజంగా అతుకుతుంది. నోటిఫికేషన్‌కు ముందు రాసిన నియమం ఎవరికి మేలు చేస్తుందో ఎవరికీ తెలియదు. పోలింగ్ ముగిసి పెట్టెలు సీలు వేశాక సగం తెలుస్తుంది, ఎందుకంటే ఏ కేంద్రంలో తప్పు ముద్ర ఇచ్చారో ఏజెంట్లకు తెలుసు, ఆ వీధులు ఏ పార్టీ వైపు మొగ్గుతాయో పార్టీలకు అంతకంటే బాగా తెలుసు. పెట్టెలు తెరిచి లెక్కించాక పూర్తిగా తెలుస్తుంది. డిసెంబరు 3 రాత్రి ఎన్నికల సంఘం తీసుకున్న నిర్ణయం ఆ రెండో దశలోది. అందుకే ఆ సంఘం మంచి ఉద్దేశంతోనే చేసి ఉన్నా, చూసేవారికి అనుమానం కలగడం అసహజం కాదు. ఇక్కడ అంతగా ఎవరూ పట్టించుకోని మరో సంగతి ఉంది. కోర్టు సర్క్యులర్‌ను నిలిపివేయడంతో ఆ ప్రశ్న మాయం కాలేదు, రెండో దశ నుంచి మూడో దశకు వెళ్లింది. డిసెంబరు 4 సాయంత్రానికి 504, 544 అన్న రెండు అంకెలు అందరి ముందూ ఉన్నాయి. అంటే సగం చీకట్లో జరగాల్సిన నిర్ణయం పట్టపగలు జరగాల్సి వచ్చింది. న్యాయస్థానాన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. చట్టంలో లేని అధికారాన్ని ఒక రాత్రి ఆదేశంతో తెచ్చుకుంటే ఆపడం దాని విధి. తప్పిన వేళను తరువాత ఎవరూ వెనక్కి తేలేరన్నది మాత్రమే ఇక్కడ చెప్పదలచిన సంగతి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అన్న సామెత ఇలాంటి సందర్భం కోసమే పుట్టిందనాలి.

ఎన్నికల సంఘానికి ఎంత అధికారం ఉంటుందన్న విషయంలో కాప్రాకు దగ్గరి సంబంధమున్న పాత కేసు ఒకటి వెలుగునిస్తుంది. ఈసీఐఎల్ నమూనాతో మొదలైన ఓటింగ్ యంత్రాన్ని దేశంలో తొలిసారి 1982 మేలో కేరళలోని పరవూరు అసెంబ్లీ నియోజకవర్గంలో, 84 కేంద్రాల్లో 50 చోట్ల వాడారు. పోలింగ్‌కు ముందే దానిపై అభ్యంతరంతో కోర్టుకెక్కిన సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి. జోస్ అదే అభ్యంతరంతో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1984 మార్చిలో కోర్టు ఆ 50 కేంద్రాల ఎన్నికను రద్దు చేసి, కాగితం బ్యాలెట్‌తో మళ్లీ పోలింగ్ జరపాలని ఆదేశించింది. అందులో జోస్ గెలిచారు. యంత్రం మోసం చేసిందని గానీ, తప్పు లెక్కపెట్టిందని గానీ కోర్టు అనలేదు. రాజ్యాంగం 324వ అధికరణం కింద ఎన్నికల సంఘానికి పర్యవేక్షణ, ఆదేశం, నియంత్రణ అధికారాలు ఉన్నా, చట్టం బ్యాలెట్ అని చెప్పిన చోట సంఘం తన ఆదేశంతో యంత్రం పెట్టలేదన్నదే తీర్పు. ఆ తరువాత పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఎ సెక్షన్ చేర్చి, యంత్రాలకు 1989 మార్చి నుంచి చట్టబద్ధత కల్పించింది. మంచి మార్పును కూడా ముందుగా, చట్టం ద్వారా, అందరికీ చెప్పి తేవాలన్న పాఠం ఆ యంత్రం పుట్టిన ప్రాంతానికి చుట్టుపక్కలే 2020లో మరిచిపోవడం నిజంగా బాధ కలిగిస్తుంది. పట్టణ స్థానిక సంస్థల విషయంలో రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఇవే మాటలతో అధికారమిచ్చేది 243జడ్‌ఏ అధికరణం. దానికీ పరవూరు తీర్పులోని హద్దే వర్తించాలి.

అదే ఎన్నికల్లో మరో పొరపాటును సరిగ్గా దిద్దారని ఒప్పుకోవాలి. పాత మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ గుర్తుకు బదులు బ్యాలెట్ మీద సీపీఎం గుర్తు అచ్చయిందని పోలింగ్ జరుగుతుండగానే బయటపడింది. వెంటనే పోలింగ్ ఆపి, డిసెంబరు 3న మళ్లీ జరిపారు. నియమం మారలేదు, ఓటు మాత్రం మళ్లీ పడింది. నేరేడ్‌మెట్‌లోనూ తప్పు ముద్ర వేయించిన కేంద్రాల్లో ఇలాగే చేసి ఉండవచ్చునని కొందరంటారు. ఆ దారికీ ఇబ్బందులున్నాయి. పని మానుకొని వచ్చి ఓటేసినవారిని మళ్లీ రమ్మంటే అందరూ రారు. అసలు నగరమంతటా 46.55 శాతం పోలింగే నమోదైన ఎన్నిక అది. పైగా మిగతా ఫలితాలు తెలిశాక జరిగే పోలింగ్ మొదటి పోలింగ్‌తో సమానం కాదు. అయినా పెట్టెలు తెరవకముందే జరిగే రీపోలింగ్, అంటే తిరిగి జరిపే పోలింగ్, ఎవరికీ అన్యాయం చేయదు.

ఇది హైదరాబాద్‌తో ఆగిన సమస్య కాదు. 2024 సార్వత్రిక ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్ల విషయంలో ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురైంది. పోస్టల్ బ్యాలెట్‌తో పాటు 13ఎ అనే ఫారం జతచేయాలి. అందులో ఓటరు ఇచ్చే ప్రకటనను గెజిటెడ్ అధికారి ధ్రువీకరించి సంతకం చేసి, తన పేరు, హోదా తెలిసేలా ముద్ర వేయాలి. ఉద్యోగులు మే మొదటి పక్షంలోనే ఓటు వేశారు. సంతకం ఉండి పేరు, హోదా ముద్ర లేని ఫారాలను కూడా అంగీకరించాలన్న ఆదేశాలు మే చివరి వారంలో, అంటే ఓట్లు పడ్డాక, లెక్కింపుకు ముందు వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ వాటిని సవాలు చేయగా జూన్ 1న హైకోర్టు, జూన్ 3న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాయి, జూన్ 4న లెక్కింపు జరిగింది. ఫలితాల్లో తేడాలు భారీగా ఉండడంతో ఆ వివాదం జనం నోట త్వరగానే మాసిపోయింది. అక్కడా ఓటరు తప్పు లేదు, ముద్ర వేయాల్సింది ధ్రువీకరించే అధికారి. అక్కడా ఆదేశం వచ్చిన వేళే అనుమానానికి తావిచ్చింది. ఎన్నికలు తెలిసిన పెద్దవాళ్లకు ఇలాంటి లోపాలు ప్రతిసారీ వస్తాయని తెలుసు కాబట్టి, ముందే ఊహించలేదన్న సమాధానం వినడానికి కష్టంగా ఉంటుంది. అమెరికాలో 2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రం 537 ఓట్ల తేడా దగ్గర ఆగినప్పుడు, సగం తెగిన రంధ్రపు కార్డులను ఓటుగా చూడాలా వద్దా అన్న దానిపై ఒక్కో జిల్లా ఒక్కో కొలత వాడింది. చివరికి ఆ దేశ సుప్రీంకోర్టు డిసెంబరు 12న లెక్కింపు ఆపేసింది. ఓటరు ఉద్దేశం అన్న మాట గొప్పదే, దాన్ని దేనితో కొలవాలో ముందే రాసి పెట్టుకోకపోతే అది గెలిచేవారి చేతిలో ఆయుధమవుతుందని అక్కడ అందరూ చూశారు.

కాబట్టి ఇక్కడ ఓటరు హక్కు, నియమాల స్థిరత్వం ఒకదానికొకటి శత్రువులని అనుకోనక్కరలేదు. ఓటరు తప్పు లేని ఓటు చెల్లాలి, ఆ మాట నియమ పుస్తకంలో పోలింగ్‌కు ముందే ఉండాలి. సిబ్బంది పొరపాటున వేరే అధికారిక ముద్ర ఇచ్చినట్టు ప్రిసైడింగ్ అధికారి డైరీలో, అంటే పోలింగ్ రోజు జరిగినవన్నీ ఆయన నమోదు చేసే పుస్తకంలో, ఆ రోజే రాసి అన్ని పార్టీల ఏజెంట్ల సంతకాలు తీసుకుంటే, ఆ కేంద్రపు ఓట్లను ఆ ఒక్క కారణంతో తిరస్కరించరాదని ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది. అలా రాసిన డైరీ ఉంటే లెక్కింపు ముందు రాత్రి సర్క్యులర్ అవసరం రాదు. రాయని చోట రీపోలింగ్‌కు అవకాశం ఉంచాలి. పోలింగ్ సిబ్బందికి శిక్షణలో ఆ రెండు ముద్రలనూ పక్కపక్కన పెట్టి చూపించడం, వాటి పిడులకు వేర్వేరు రంగులు వేయడం ఖర్చులేని పనులు.

హైదరాబాద్ నగర డివిజన్లకు, తెలంగాణ పట్టణాలకు మళ్లీ నోటిఫికేషన్ వెలువడే ముందు రాష్ట్ర ఎన్నికల సంఘం ఈ వాక్యాన్ని నియమాల్లో చేర్పించి, అన్ని పార్టీలకూ ముసాయిదా చూపి, గెజిట్‌లో ప్రకటించాలి. కాప్రా, నేరేడ్‌మెట్, ఉప్పల్ ఓటర్లు తమ కాలనీ సంక్షేమ సంఘాల ద్వారా ఎన్నికల సంఘాన్ని ఈ విషయమై రాతపూర్వకంగా అడగాలి. నోటిఫికేషన్ వచ్చిన తరువాత అడిగితే ఆలస్యమవుతుంది.